రిపోర్టులో తగ్గని నడుము నొప్పి

మనిషికి నడుము అరిగిపోవడం కంటే గొప్ప అదృష్టం మరొకటి లేదు! నవ్వకండి. పాత ఫర్నిచర్ కొని అమ్ముకునేవాణ్ణి. లాభమో నష్టమో బేరీజు వేసుకోకుండా నోరు విప్పను.

నడుము బాగున్నన్నాళ్లూ నన్ను పలకరించిన నాథుడు లేడు. ఒక బీరువా జరపబోతే పట్టేసింది. స్కానింగ్ తీయించాను. వెన్నుపూసల మధ్య డిస్కులు అరిగాయన్నారు. అంతే! నా దశ తిరిగింది.

ఆ ఫిల్మును మా ఆవిడ హాల్లో కిటికీ అద్దానికి అంటించింది. వచ్చినవాళ్లు చెప్పులు విడిచి నేరుగా దాని దగ్గరికే వెళ్లేవారు. సెలూన్ అతను తేల్చేశాడు: "కింద రెండూ పోయాయి సార్. మార్పించెయ్యండి." టైర్లనుకున్నాడు కాబోలు. ఇస్త్రీ ఆయన ఒప్పుకోలేదు. "కత్తి పడితే మంచం దిగరు బాబూ!" చేతులెత్తించి లెక్కపెట్టారు. ఆపరేషన్ గెలిచింది. నడుము నాదే గానీ, ఓటు నాకు లేదు.

డాక్టరుగారు మరీ మర్యాదస్తులు. ఫిల్మును వెలుగుతున్న పెట్టె మీద నిలబెట్టి, నన్ను మూల స్టూలు మీద కూర్చోబెట్టారు. "ఎంత అరిగిందో చూశారా!" అని దానితోనే అన్నారు. నా వంక తిరగలేదు. పనిలో అంత ఏకాగ్రత ఎంతమందికి ఉంటుంది?

నేనైతే పాత కుర్చీని ఊపి చూస్తాను, కూర్చుని చూస్తాను. చేతులు అరిగినా కాళ్లు గట్టిగా ఉంటే రంపం జోలికి పోను. కానీ నేను కుర్చీని కాను కదా! కుర్చీకైతే అంత శ్రద్ధ అవసరం.

ముహూర్తం మా బావమరిది పెట్టాడు. "బావా, నాకు ఆ వారమే లీవు. మళ్లీ అంటే వచ్చే ఏడే. ఆలోచించుకో!" కోసేది నన్నయినా, సెలవు అతనిది. న్యాయమే కదా?

ఈలోగా ఒక చిన్న ఇబ్బంది వచ్చిపడింది. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పిన వ్యాయామాలు చేస్తూ, రోజూ నడుస్తూ ఉంటే నొప్పి తగ్గిపోయింది! ఇంట్లో చెప్పాను.

"ఊరుకోండి, మీకేం తెలుసు?" అంది మా ఆవిడ.

డాక్టరుగారికీ విన్నవించుకున్నాను. "కాలు లాగడం లేదు సార్. తిమ్మిరి లేదు. ఒంటేలుకీ ఇబ్బంది లేదు. బజారంతా తిరిగొస్తున్నాను."

ఆయన పాపం ఫిల్ము వైపు జాలిగా చూశారు. "సంతోషం. కానీ రిపోర్టులో తగ్గలేదే!"

ఎంతైనా చదువుకున్న ఫిల్ము.

ఈ ఉదయమే ఆసుపత్రికి ప్రయాణం. వాకిట్లో కారు. నాకు తోడుండేవాళ్ల పరుపులు, దుప్పట్లు, పెద్ద సంచీ మెట్ల మీదే ఉన్నాయి. బావమరిది ఫోనులో ఎవరికో నా పరిస్థితి వర్ణిస్తూ, "కదల్లేకపోతున్నాడండీ" అంటూనే నాకు చేత్తో సైగ చేశాడు. పరుపులు భుజాన వేసుకుని దిగాను. డిక్కీలో సర్దాను. మళ్లీ పైకెళ్లి సంచీ ఎత్తాను.

మా ఆవిడ ఒక్కసారిగా కేక వేసింది.

"అయ్యో, మెల్లగా అండీ! అందులో ఫిల్ముంది!"