అచ్చులో లేని రాగిణి

ఆ గురువారం సుమిత్రమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే నిజామాబాద్ బస్టాండుకు పోయి వారపత్రిక కొనాలి. ఇంటికొచ్చి అరుగు మీద ముగ్గురు ఆడవాళ్ళకు సీరియల్ చదివి వినిపించాలి. మధ్యాహ్నం చుట్టిన బీడీలు తీసుకుపోయే కార్ఖానా ముంషి వచ్చేలోపు ముగించాలి. రెండేళ్ళుగా జరుగుతున్నదే ఇది. వేళ్ళ కీళ్ళు పట్టేసి సుమిత్రమ్మకు బీడీ చుట్టడం చేతకాకుండా పోయింది కానీ, పదో తరగతి దాకా చదివిన కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఆమె చదువుతుంటే మిగతావాళ్ళు చుడతారు, చదివినందుకు తలా ఒక కట్ట ఆమె చాటలో వేస్తారు.

వినేవాళ్ళ చదువుల గురించి ఇక్కడే చెప్పేయాలి. హన్మవ్వకు అక్షరం ముక్క రాదు. బిల్కిస్‌కు ఉర్దూ వచ్చు, తెలుగు రాదు. రాధాబాయి ధర్మాబాద్‌లో మరాఠీ బడిలో చదివింది. అందుచేత పత్రికలో ఏముందంటే, సుమిత్రమ్మ నోట్లోంచి వచ్చిందే ఉంది. ముందుముందు కొంపలంటుకున్నది ఇందువల్లే.

అప్పుడు నడుస్తున్న సీరియల్ 'రాగిణి పడగ'. అందులో రాగిణి అనే ఆవిడ పొద్దున మొగుణ్ణి దేవుడంటుంది, సాయంత్రానికి అదే దేవుడి మీదికి కంచం విసురుతుంది. వదిలిపోతావా అని ఏడుస్తుంది, పొమ్మని తలుపేస్తుంది. ఆమెకు ఏ జబ్బుందో రచయిత ఎక్కడా రాయలేదు. కళ్ళు ఎర్రగా ఉంటాయని మాత్రం ప్రతి పేజీలో రాశాడు.

కళ్ళ ఎరుపు తీసేస్తే రాగిణి అచ్చంగా రాధాబాయే. అరుగు మీద అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. చెరుకు లారీ నడిపే మొగుడు "నీతోని నా వల్ల కాదు" అని బోధన్ నుంచి పంపించేస్తే, సుమిత్రమ్మ ఇంటి వెనక గదిలో అద్దెకుంటోంది. ప్రాణమిచ్చే మనిషి. పొద్దున అక్కా అని పిలిచి వేడి జొన్నరొట్టె చేతిలో పెడుతుంది. సుమిత్రమ్మ బజారు నుంచి గంట ఆలస్యంగా వస్తే "నన్ను ఇడిచిపెట్టి పోయినవ్" అని గ్లాసు గోడకేసి కొడుతుంది. కాసేపటికి తనే ఏడుస్తూ పెంకులు ఏరుతుంది. నిరుడు వానాకాలం బతకనని తెగిస్తే తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. హైదరాబాద్ డాక్టరు చీటీ మీద బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అని రాశాడు, నెలనెలా వస్తే కూర్చోబెట్టి మాట్లాడతానన్నాడు. హన్మవ్వకు ఆ పేరు అంతుబట్టలేదు. "బార్డర్ మహారాష్ట్ర పోంగ సాలూర కాడ గద ఉండేది. మనిషిల బార్డర్ ఏందే?" అంది. రాధాబాయి ఎర్రటి ఎండల్లో కూడా నిండు చేతుల జాకెట్టే వేసుకుంటుంది. ఎందుకని ఎవరూ అడగరు.

పోయిన గురువారం చదవడం అయ్యాక ఆమె ఆకు కత్తిరిస్తూ, తలెత్తకుండా అంది. "అక్కా, గా రాగిణికి ఏమైతదో నాకు గదే అయితది."

అప్పటినుంచి సుమిత్రమ్మకు అన్నం సహించలేదు. అందుకే ఇవాళ బస్టాండులోనే నిలబడి పత్రిక విప్పింది. రాగిణి కత్తి పట్టుకుని మొగుడి మీదికి వచ్చింది. "నీలాంటిదాన్ని ప్రేమించడం దేవుడి తరం కూడా కాదు" అన్నాడు మొగుడు. సుమిత్రమ్మ పత్రికను చప్పున మడిచేసింది. ఈ మాట ఆ పిల్ల చెవిన వేయాలా? రాసినవాడి చేతులు పడిపోను!

అరుగు మీద కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, పత్రికలో లేనిది చదవడం మొదలుపెట్టింది. రేషన్ షాపులో తప్ప ఎన్నడూ అబద్ధమాడని మనిషి. రాగిణి తను విసిరిన కంచాన్ని తనే తీసి కడిగిందట. మొగుడు పక్కన కూర్చుని "నేను యాడికి పోను" అన్నాడట. హన్మవ్వ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అంతా బాగానే ఉండేది, పత్రికలో బొమ్మ లేకపోతే.

"ఇగో అక్కా, ఈమె చేతుల కత్తేంది?" అని బిల్కిస్ తొంగి చూసింది.

"వంకాయలు కోస్తున్నది."

"మరి మొగుడు గట్ల భయపడ్తుండేంది?"

"ఉల్లిగడ్డలు నువ్వు కొయ్యమన్నదట."

"తౌబా, మగోళ్ళంత గంతే," అని బిల్కిస్ బీడీకి దారం చుట్టింది.

ఒక్క వారంతో పోయేదైతే ఇది కథ కాదు. రచయిత వారం వారం రాగిణి గొంతు మీద కాలు పెడుతూనే ఉన్నాడు, సుమిత్రమ్మ తీస్తూనే ఉంది. మూడో వారం బొమ్మలో రాగిణి ఇల్లు తగలబెట్టింది. అది హోలీ నాటి కాముని దహనమని సుమిత్రమ్మ చెప్పింది. ఐదో వారం రాగిణిని పిచ్చాసుపత్రిలో వేశారు. ఇనుప ఊచల కిటికీ, దాని వెనక రాగిణి. బొమ్మ చూసి సుమిత్రమ్మ ఒక్క క్షణం తడబడి, "బ్యాంకు. రాగిణికి కొలువు దొరికింది. డబ్బులిచ్చే కిటికీ గది," అంది. అరుగు మీద పండగ. కొలువు నిలబడాలని హన్మవ్వ కంఠేశ్వర్ గుడిలో కొబ్బరికాయ కొట్టింది. బిల్కిస్ బడాపహాడ్ దర్గాలో రాగిణి పేర మలీదా ముద్దలు పంచింది. రాధాబాయి మాత్రం మధ్యమధ్య సుమిత్రమ్మ మొహంలోకి అదోలా చూసేది. పిల్ల కుదుటపడుతోందని సుమిత్రమ్మ మురిసిపోయి, పత్రికను బియ్యం డబ్బా అడుగున దాచేది.

రాగిణికి బ్యాంకు కొలువు దొరికిన మర్నాడు మధ్యాహ్నం ముంషి లింబాద్రి బీడీలు చూసి తీసుకుపోవడానికి వచ్చాడు. ఆయనకూ ఆ సీరియలంటే పిచ్చి. చుట్టినవి చేతిలోకి తీసుకుని పరీక్షిస్తూ, ఊరికే మాట కలిపాడు.

"మొత్తానికి గా రాగిణిని పిచ్చాసుపత్రిల ఏసిండ్రు. పీడ పోయింది."

చేతులన్నీ ఆగిపోయాయి.

"ఎవలు ఏసిండ్రు?" అంది హన్మవ్వ.

"మొగుడే అవ్వా. గొలుసులతోని కట్టి తీస్కపోయిండు."

"బ్యాంకుల కొలువు చేసెటామెను గొలుసులతోని కడ్తరా?"

"బ్యాంకేంది?"

పాపం, లింబాద్రి సంచిలోంచి తన పత్రిక తీసి వేలు పెట్టి మరీ చదివాడు. హన్మవ్వ చివరిదాకా విని, తాపీగా అంది. "మంచి బీడీని చేతుల వట్టుకొని పనికిరాదని పక్కకు పెడ్తవ్. నీ కండ్లకు అక్షరాలు మాత్రం సక్కగ కనవడ్తయా?"

పన్నెండేళ్ళలో ఎన్ని మంచి బీడీలను పనికిరానివన్నాడో లింబాద్రికి తెలుసు. పత్రికను సుమిత్రమ్మ ముందుకు జరిపాడు. "సుమిత్రక్కా, నువ్వన్న చెప్పు. ఇగో, గొలుసులని లేదా ఈడ?"

ఉంది. రెండుసార్లు ఉంది. ఎదురుగా రాధాబాయి కత్తెర పట్టుకుని కదలకుండా చూస్తోంది.

"యాడున్నది లింబాద్రన్నా? ఒకసారి కండ్లు చూపిచ్చుకోరాదు," అంది సుమిత్రమ్మ, నేల చూపులు చూస్తూ.

ఆయన నిజంగానే పోయి చూపించుకున్నాడు. కంటి డాక్టరు గోడ మీది అక్షరాలన్నీ చదివించి, కళ్ళకు ఏ లోపం లేదన్నాడు. దాంతో లింబాద్రి పూర్తిగా కుంగిపోయాడు. కళ్ళు బాగుంటే చెడింది ఇంకేదో కదా! తన చూపు మీద తనకే నమ్మకం పోయి, ఏ బీడీనీ పనికిరాదనడం మానేశాడు. వంకరవి, వదులువి, తంబాకు లేనివి, అన్నీ కార్ఖానాకు పోయాయి. గల్లీ అంతా ఆయన్ను దీవించింది. సేటు మాత్రం పిలిచి, ఇంకో వారం ఇట్లాగే చేస్తే ఇంటికి పొమ్మన్నాడు. సుమిత్రమ్మకు ఆ సంగతి తెలిసి ప్రాణం ఉసూరుమంది. ఒక ఆడదాన్ని కాపాడబోయి ఒక మగవాడి కొలువు పోగొడుతోంది. నిజం చెబితే ఆ ఆడది ఏమవుతుంది? ఎవరితో చెప్పుకోవాలో తెలియక, ఆ వారం కూడా రాగిణికి బ్యాంకులో ప్రమోషన్ ఇచ్చింది.

పదకొండో గురువారం పొద్దున లింబాద్రి సన్నటి మనిషిని ఒకణ్ణి వెంటబెట్టుకుని అరుగు ముందుకొచ్చాడు. పేరు ఆత్మారాం. బోధన్‌లో చెరుకు బండ్లు తూచే కాంటా దగ్గర గుమాస్తా, తీరిక వేళల్లో రచయిత. పత్రికలో ఫోటో కింద ఊరి పేరు చూసి, లింబాద్రి పోయి మొదటి బస్సుకు పట్టుకొచ్చాడు.

"గీయననే రాసింది! చెప్పుండ్రి సార్. రాగిణి ఏడున్నది? బ్యాంకులనా, పిచ్చాసుపత్రిలనా?"

తన పాఠకులను కళ్ళారా చూడటం ఆత్మారాంకు ఇదే మొదటిసారి. మొహం వెలిగిపోతోంది. వెనకనుంచి సుమిత్రమ్మ రెండు చేతులూ జోడించి, వద్దు వద్దని కళ్ళతో బతిమాలింది. ఆయన దాన్ని నమస్కారం అనుకుని ప్రతినమస్కారం చేశాడు.

"ఆసుపత్రిలనే తల్లీ. ఎక్కువ దినాలుండదు. వచ్చే వారమే ఆఖరు. చచ్చిపోతది," అన్నాడు ఉత్సాహంగా.

హన్మవ్వ నోరు తెరిచి సుమిత్రమ్మ వైపు చూసింది. సుమిత్రమ్మ రాధాబాయి వైపు చూసింది. రాధాబాయి చాట పక్కన పెట్టి, లేచి, లోపలికి పోయింది. వంటింట్లో ఏదో డబ్బా మూత దబ్బున పడింది. "రాధా! బిడ్డా!" అని సుమిత్రమ్మ అరిచింది.

రాధాబాయి బయటికొచ్చింది. చేతిలో పది పత్రికలు. వాటి మడతల్లోంచి బియ్యం గింజలు రాలుతున్నాయి.

"నాకు ఎర్కే అక్కా. మొదటి వారం కెల్లి ఎర్కే."

"నీకు తెలుగు యాడ వస్తదే?" అంది హన్మవ్వ.

"తొమ్మిదేండ్లు బోధన్‌ల కాపురం చేసిన అవ్వా. బస్సు బోర్డులు చదువకుంటె ఇల్లెట్ల చేరుత? మీరడగలే, నేను చెప్పలే. అక్క చదువుతుంటె ఇనుకుంట కూసుంటె మంచిగుంటది."

లింబాద్రి అరుగు అంచు మీద కూలబడ్డాడు. "అయితె నా కండ్లు మంచిగనే ఉన్నయా?"

రాధాబాయి ఆత్మారాం ఎదుట నిలబడింది. "సారూ, రాగిణసొంటి మనిషిని మీరెన్నడన్న చూసిండ్రా?"

"లేదమ్మా... ఒక ఇంగ్లీషు సినిమా చూసిన. అండ్ల ఒకామె కత్తి పడ్తది..."

"ఎందుకు పట్టిందో చెప్పిండ్రా సినిమాల?"

"ఆయన ఇడిచిపెట్టి పోతడని."

"ఇడిచిపెట్టి పోతడంటె లోపల ఎట్లుంటదో చెప్పిండ్రా?"

ఆత్మారాం తల వంచుకున్నాడు. "లేదు."

"ఊపిరి ఆడదు సారూ. గంతే. నేను ఎవల మీద కత్తి లేపలే. లేపింది నా మీద నేనే." అంటూ ఆమె జాకెట్టు చేతులు కిందికి లాక్కుంది. "ఎర్రకండ్లని రాసిండ్రు. ఏడిస్తె ఎవలియైనా ఎర్రగనే అయితయి."

తర్వాత సుమిత్రమ్మ వైపు తిరిగింది. "ఇగ నీ రాగిణి సంగతి. పది వారాల సంది గామెకు ఒక్కపారి కోపం రాలే. కంచం కడుగుతది, బ్యాంకుకు పోతది, ప్రమోషన్ తెచ్చుకుంటది. మొన్ననే నీ గాజు గ్లాసు పలగొట్టిన నేను. గామెను ఇనుకుంట, నేనెన్నడు గట్లయిత అని ఎంత ఏడ్చిననో నీకెర్కనా?"

సుమిత్రమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. "మరి నాకు చెప్పకపోతివేందే బిడ్డా?"

"నువ్వు ఏ వారం యాష్టకొస్తవో చూద్దామనుకున్న. గీ గురువారం ఇడిచిపెడ్తది, ఉన్నదున్నట్టు చదివేస్తది అనుకుందు ప్రతిసారి. ముంషి ముంగట ఇజ్జత్ పోతదని తెలిసి కూడ నువ్వు ఇడువలే." రాధాబాయి ఏడుస్తూనే సుమిత్రమ్మ పక్కన కూర్చుని, పట్టేసిన ఆ వేళ్ళను తన చేతుల్లోకి తీసుకుంది. "సచ్చిపోయేటామెను ఇన్ని వారాలు ఎవలు బతికిస్తరక్కా?"

బిల్కిస్ రచయితకు చాయ్ తెచ్చిచ్చింది. ఆయన తాగకుండా పట్టుకునే నిలబడ్డాడు. ఆఖరి భాగం పంపేశాననీ, అచ్చయిపోయిందనీ, ఇక మార్చలేననీ గొణిగాడు.

"మార్చకుండ్రి," అంది రాధాబాయి. "వచ్చే వారం నేను చదువుత."

అన్నట్టే చదివింది. అచ్చులో ముప్ఫై నాలుగో పేజీలో రాగిణి చచ్చిపోయింది, కింద పెద్దక్షరాలతో సమాప్తం అని ఉంది. అరుగు మీద మాత్రం రాగిణి కంచం విసిరింది, ఈసారి మొగుడికి తగిలింది కూడా. సిగ్గుపడింది, ఏడ్చింది, నెల తిరగ్గానే డాక్టరు దగ్గరికి హైదరాబాద్ బస్సెక్కింది. పక్కింటావిడ తోడు పోయింది. దారి పొడుగునా ఇద్దరూ కిటికీ సీటు కోసం కొట్లాడుకుని, కలిసే తిరిగొచ్చారు. హన్మవ్వ ఇది బ్యాంకు కన్నా బాగుందంది. లింబాద్రి మళ్ళీ వంకర బీడీలను పక్కన పెట్టడం మొదలుపెట్టాడు, మంచివాటిని మాత్రం పెట్టలేదు. సుమిత్రమ్మ గాజు గ్లాసులన్నీ అటకెక్కించి స్టీలువి కొనుక్కొచ్చింది.

సీరియల్ అచ్చులో ముగిసి మూడేళ్ళయినా, రాగిణికి ఆ తర్వాత ఏమైందో ఆ అరుగు మీద వినడానికి ప్రతి గురువారం సెలవు పెట్టి బోధన్ బస్సు దిగే మనిషి ఒకడున్నాడు. ఆమెను చంపింది ఆయనే.