మా వంటిల్లూ, నా వినాళ గ్రంథులూ

ఇల్లాలికి యాభై దగ్గర పడుతుంటే ఆ ఇంటికి దొరికే గొప్ప వరం ఏమిటో తెలుసా? హార్మోన్లు! నవ్వకండి. డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, ఊరికే అనను.

ఇదివరకు ఇల్లాలికి కోపం వస్తే ఇంట్లోవాళ్లు ఎంత అవస్థ పడేవారో ఆలోచించండి. ఎందుకొచ్చిందో కనుక్కోవాలి. తప్పెవరిదో తేల్చాలి. ఒక్కోసారి, చెప్పడానికే భయంగా ఉంది గానీ, ఆ తప్పు దిద్దుకోవాలి కూడా! ఇప్పుడా బాధ లేదు. తడి తువ్వాలు మంచం మీద ఎవరు పడేశారని అడిగారా? హార్మోన్లు! తువ్వాలు అక్కడే ఉంటుంది, ఇంట్లో శాంతి కూడా ఉంటుంది.

మా ఇంటికి ఈ శాస్త్రజ్ఞానం ఏడు నెలల కిందట వచ్చింది. సరిగ్గా అదే వారం మా వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పోయింది. రెండింటికీ ఏం సంబంధం అంటారా? నేనూ అలాగే అనుకున్నాను.

"ఏవండీ, ఫ్యాన్ తిరగడం లేదు. పొయ్యి దగ్గర నిలబడలేకపోతున్నా. చెమటతో తడిసి ముద్దవుతున్నాను" అన్నాను.

మా ఆయన ఫోన్‌లోంచి తలెత్తారు. అదే ఒక విశేషం. ఎంతో ప్రేమగా, "చెమటలా? నీ వయసులో మామూలేనటే. ఇప్పుడే వీడియోలో చూశా. హార్మోన్లు!" అన్నారు.

వీడియో రెండు నిమిషాలు. నా డిగ్రీ మూడేళ్లు. ఏది నెగ్గిందో వేరే చెప్పాలా?

అసలు మన నాడీవ్యవస్థ ఎంత తొందరపాటుదో చూడండి. చెయ్యి వేడి గిన్నెకు తగిలితే, ఆ కబురు మెదడుకు పూర్తిగా చేరకముందే వెన్నుపాము దగ్గర తీర్పు అయిపోతుంది, చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. "చూద్దాంలే, ఆదివారం రానీ" అని వెన్నుపాము ఏనాడూ అనలేదు. మా ఇంటి వ్యవస్థ అంతకన్నా నాగరికం. కబురు అందుతుంది. జాలి పుడుతుంది. కాలూ చెయ్యీ మాత్రం కదలవు!

ఇక హార్మోన్లు తయారుచేసే వినాళ గ్రంథులు. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ, గొంతులో థైరాయిడ్, మూత్రపిండాల నెత్తిన ఎడ్రినల్. అండాశయాలు పాపం ముప్పై అయిదేళ్లు నెలనెలా డ్యూటీ చేసి, రిటైరయ్యే రోజులు. వాటి నుంచి హార్మోన్లు తగ్గేసరికి, ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం ఉన్నట్టుండి కంగారుపడి చెమటలు పట్టించేస్తుంది. ఇదంతా నిజమే, ఎంతోమంది నిజంగా పడే బాధే. కానీ ఇవే గ్రంథులు ఫ్యాన్ మోటారును కూడా కాల్చేస్తాయని మా లెక్చరరు చెప్పలేదు. మాది పాత సిలబస్ మరి!

పదిరోజులకు మా ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, అవిసె గింజలు పొడి కొట్టుకుని తిను. నీకు ఒళ్లంతా మండిపోతోందటగా, అన్నయ్య చెప్పాడు."

"మండిపోయేది ఒళ్లు కాదమ్మా, వంటిల్లు."

"చూశావా, ఆ విసుగు కూడా వాటివల్లే!"

మా అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసింది. "అమ్మా, కూల్! గట్టిగా ఊపిరి తీసుకో." తీసుకున్నాను. నూనె పొగ ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నా మీద ప్రేమకు లోటు లేదు. యోగా చాప వచ్చింది. రెండు కాటన్ నైటీలు వచ్చాయి. ధ్యానం చేయించే యాప్ వచ్చింది. అవిసె గింజలైతే డబ్బా నిండా వచ్చాయి. అంత పెద్ద డబ్బా తేగలిగిన చేతులు చిన్న ఫ్యాన్ ఎందుకు తేలేకపోయాయని మీరు అడక్కూడదు. అడిగితే మీకూ హార్మోన్లున్నట్టే!

ఆఖరికి రక్తపరీక్షలు చేయించారు. రిపోర్టులన్నీ చూసి డాక్టరమ్మ కళ్లజోడు పైనుంచి నన్ను చూసింది.

"చెమటలు ఎప్పుడు పడుతున్నాయి?"

"పొద్దున ఏడు నుంచి తొమ్మిదిదాకా. సాయంత్రం ఏడు నుంచి ఎనిమిదిన్నరదాకా."

"రాత్రి నిద్రలో?"

"లేదండీ."

"బయట భోంచేసిన రోజు?"

"అస్సలు లేదు."

"హార్మోన్లు ఇంత టైంటేబుల్ పాటించవమ్మా. మీ వంటింట్లో గాలి ఆడుతుందా?"

ఏడు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఏం చెప్పను, నిజంగానే నా కళ్లు చెమర్చాయి. అది మాత్రం హార్మోన్లే అయ్యుండాలి!

ఆవిడ చీటీ రాసి నా చేతికిచ్చింది. నేను చదివేలోగా... కాదు, అబద్ధమెందుకు, నేను చదివాకే మా ఆయన దాన్ని లాక్కుని జేబులో పెట్టుకున్నారు. "నువ్వు కూర్చో, మందులు నేను తెస్తా" అంటూ మెడికల్ షాపు క్యూలో నిలబడ్డారు. ఆ చీటీలో ఏముందో చెప్పొచ్చుగా అంటారా? ఏడు నెలలుగా చెప్పింది అదేగా!

షాపతను చీటీని అటూ ఇటూ తిప్పి, అందరికీ వినబడేలా చదివాడు. "ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి. ఉదయం, సాయంత్రం, వంట అయ్యేంతవరకు. ఇది మా దగ్గర ఉండదు సార్. నాలుగు షాపుల అవతల ఎలక్ట్రికల్స్‌లో అడగండి!"

క్యూ అంతా నవ్వింది. గంటలో ఫ్యాన్ ఇంటికొచ్చింది. చూశారా మహిమ! నా నోట ఏడు నెలలు వినబడని మాట, లెటర్‌హెడ్ మీద ఒక్క లైను పడగానే గణగణ మోగింది.

పొయ్యి మీద వంట నడుస్తుండగా, తానే బిగిస్తానని మా ఆయన స్టూలెక్కారు. పావుగంటకు చొక్కా పిండుకునేలా దిగి, "ఇదేం కొలిమే! మనిషన్నవాడు ఇందులో ఎలా ఉంటాడు? నాకొక్కరూ చెప్పరేం!" అని కేకలేశారు.

మా అమ్మాయి ఫోన్‌లోంచి తలెత్తకుండానే అంది, "అమ్మా, నాన్నకీ మొదలయ్యాయా?"

నేను అవిసె గింజల డబ్బా మూత తీసి, ఆయన చేతిలో ఒక చెంచాడు పోశాను.