సౌదామిని ఉన్నంతసేపు

బెజవాడలో ముగ్గురి పేర్ల మీద అద్దెకిచ్చిన ఇంటికి నాలుగో మనిషి బసకు వస్తే, ఆ మనిషి ఉన్నంతసేపు ముందున్న ముగ్గురిలో ఒకరు లేకుండా పోతారు. ఇందులో వింతేమీ లేదు. ఇల్లు ముగ్గురికే గనక ముగ్గురే ఉంటారు; ఆ ముగ్గురూ ఉన్న గంటల్లో వచ్చిన మనిషే ఉండరు. బజారులో తిరుగుతున్నా సరే, ఇంటి లెక్కలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉన్నట్టే. ఎవరు ఏ గంటల్లో లేకుండా ఉండదలుచుకున్నారో ముందే బసల కార్యాలయంలో రాసిస్తే పని సాఫీగా జరిగిపోతుంది. లేకుండా పోవడం నొప్పిగా ఉండదు. తిరిగొచ్చాక కాసేపు నోట్లో ఇత్తడి గ్లాసు రుచి ఉంటుంది, అంతే.

కోటేశ్వరి ఒక మేడమీద వాటాలో మరో ఇద్దరితో కలిసి ఉండేది. జెసింత బడిలో లెక్కల టీచరు. రమామణి రక్తపరీక్షల ల్యాబులో పని చేసేది. కోటేశ్వరి ఇంట్లోనే కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేది. ఒకరోజు ఆమెకు సౌదామిని ఫోన్ చేసింది. ఇద్దరూ హాస్టల్లో ఒకే మంచం మీద పడుకున్నవాళ్ళు. పందొమ్మిదేళ్ళ కిందట బస్టాండులో విడిపోయారు.

"బెజవాడకి బదిలీ అయిందే. ఇల్లు దొరికేదాకా మీ ఇంట్లో సర్దుకోనా?" అంది సౌదామిని.

"అడగాలటే? వచ్చెయ్" అంది కోటేశ్వరి.

మిగతా ఇద్దరూ మంచివాళ్ళు. అభ్యంతరం చెప్పలేదు. "నీ ఫ్రెండు కాబట్టి గంటలు నీవే పెట్టుకో అక్కా. నాకు దిద్దే పేపర్లున్నాయి" అంది జెసింత. అది న్యాయంగానే తోచింది.

బసల కార్యాలయంలో పురుషోత్తం గారు అనే గుమస్తా ఫారం ఇచ్చారు. మధ్యాహ్నం నాలుగు గంటలు ఎలాగూ కునుకు తీసేవే గనక కోటేశ్వరి వాటిని రాసేసింది. ఏడో గడి దగ్గర కలం ఆగింది. "తిరిగి వెళ్ళే తేదీ. అతిథిని స్వయంగా అడిగి రాయవలెను" అని ఉంది.

"ఇంటికొచ్చే మనిషిని ఎప్పుడెళ్తావని ఎట్లా అడుగుతామండీ?"

"ఎవరూ అడగరమ్మా. పాతికేళ్ళ సర్వీసులో ఆ గడి నిండగా నేను చూళ్ళేదు. ఖాళీగా వదిలెయ్యండి. అతిథి అవసరాన్ని బట్టి పిలిచినవాళ్ళ గంటల్లోంచి మేమే కోసుకుంటాం."

"అట్లాగే కోసుకోండి" అంది కోటేశ్వరి తేలికపడి.

సౌదామిని వచ్చిన రోజు కోటేశ్వరి మెట్ల దగ్గర నిలబడింది. మెట్ల మలుపులో ఒక నీలం పెట్టె, దాని పక్కన ఒక చెప్పు, చీర అంచు కనిపించాయి. "వచ్చావటే" అనబోయి, "వ" దగ్గరే లేకుండా పోయింది. ఆ తర్వాత ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉంటూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒకరు ఉంటే ఇంకొకరు ఉండరు గనక ఇది సహజమే. ఉప్పుజాడీ కింద చీటీలు పెట్టుకునేవారు. "వంకాయ బాగా కుదిరింది" అని ఒకరు రాస్తే, "నీకోసమే ఉంచా, సగం ఎందుకు మిగిల్చావ్" అని ఇంకొకరు రాసేవారు.

సౌదామినికి అవసరాలు పెరిగాయి. ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం కావాలి. బట్టలుతుక్కోవడానికి ఆదివారం కావాలి. కార్యాలయం పద్ధతి ప్రకారం కోసుకుంటూ పోయింది. కోటేశ్వరి లేని గంటలు రోజుకు నాలుగు నుంచి పదికీ, పది నుంచి పదిహేడుకీ వెళ్ళాయి. చీరలిచ్చే షాపువాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి, మూడోసారి చీరలు పట్టుకుపోయారు. సౌదామిని పప్పుచారు బాగా పెట్టేది, రమామణి జాకెట్లకు ఇస్త్రీ కూడా చేసేది. రమామణి ఆమెను అక్కా అని పిలవసాగింది. కోటేశ్వరి కనబడితే మటుకు, "ఇదేంటి, ఇవ్వాళ నువ్వున్నావా?" అనేది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగేది.

మూడో నెలకు కోటేశ్వరికి రోజుకు ఒక్క గంట మిగిలింది. ఆ గంటను కూడా వచ్చే సోమవారం తీసుకుంటామనీ, ఆలోగా ఏడో గడిలో తేదీ రాసిస్తే గంటలన్నీ ఆ తేదీ నుంచి వెనక్కి ఇస్తామనీ నోటీసు వచ్చింది. నోటీసు చదవడానికే ఆమెకు రెండు రోజుల గంటలు పట్టాయి.

జెసింతకు జాలేసింది. "పది నిమిషాలు నేను లేకుండా ఉంటాలే. ఎదురుగా కూచోబెట్టుకుని తేదీ అడుగు. మొహమాటపడ్డావంటే నీ ఖర్మ అక్కా" అంది. కుర్చీలో ఎర్రపెన్ను మిగిలింది. తలుపు దగ్గర సౌదామిని కనిపించింది.

ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. అందులో రెండు నిమిషాలు పోయాయి.

"ఏంటే ఇట్లా చిక్కిపోయావ్?"

"ఉండేది తక్కువ కదే, అందుకేమో. నీకు చెవి పక్కన నెరిసింది చూడు."

"రంగేద్దామంటే నువ్వుండవు" అంది సౌదామిని. ఇద్దరూ నవ్వారు. ఇంకో మూడు నిమిషాలు అట్లా పోయాయి.

"అదికాదే సౌదా..." అంది కోటేశ్వరి గొంతు సవరించుకుని. "ఇల్లేమన్నా..."

సౌదామిని తల దించుకుంది. "ఇల్లు దొరికి నలభై రోజులైందే. తాళంచెవి బ్యాగులోనే ఉంది. చేరదీసినదాన్ని కాదని టక్కున వెళ్ళిపోతే నువ్వు నొచ్చుకుంటావని ఆగిపోయా. నువ్వు ఊ అను, రేపే వెళ్తా."

కోటేశ్వరి ఊ అంటే చాలు. రేపటి తేదీ రాసుకోవచ్చు, షాపుకెళ్ళి చీరలు తెచ్చుకోవచ్చు. కానీ కదులుతున్న బస్సు కిటికీలోంచి పందొమ్మిదేళ్ళ కిందట ఊగిన చెయ్యి ఇప్పుడు ఆమె చేతిలో వెచ్చగా ఉంది. పైగా బ్యాగు, తాళంచెవి అన్న మాటలు వినగానే నాలుక తనంతట తను కదిలింది.

"అప్పుడే ఏం తొందరే? ఇంకొన్నాళ్ళుండి వెళ్దువుగాని."

"అంతేనంటావా?"

"అంతేనే. నువ్వు పోతే ఇల్లు బావురుమంటుంది."

"సరే, నీ మాట తీసెయ్యలేను" అంటూ సౌదామిని లేకుండా పోయింది. కుర్చీలోకి జెసింత తిరిగొచ్చి ఇత్తడి రుచికి మొహం చిట్లించింది.

"అడిగావా?"

"ఉండమన్నా."

జెసింత ఆమెను ఒక క్షణం చూసి, ఎర్రపెన్ను తీసుకుని పేపర్లు దిద్దడంలో పడింది.

సోమవారం కోటేశ్వరి తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని కార్యాలయానికి వెళ్ళింది. ఆఖరి గంట అప్పగించేవాళ్ళ వరస వీధి చివరిదాకా ఉంది. అందరూ మర్యాదస్తులు. "ముందు మీరు కానివ్వండి, నాకేం తొందర లేదు" అని ఒకరినొకరు ముందుకు పంపుకుంటూ ఉంటే వరస చాలాసేపు కదల్లేదు. చివరికి పురుషోత్తం గారు పేర్లు పెట్టి పిలవాల్సి వచ్చింది.

ఈ ఫారం చిన్నది. పేరు, చిరునామా, సంతకం, "ఇందువల్ల మీకు ఇబ్బంది ఏమైనా ఉన్నదా?" అన్న ప్రశ్న. దాని ఎదురుగా "అబ్బే, లేదు" అని ముందే అచ్చువేసి ఉంది. ఇంతవరకు ఎవరూ వేరేగా రాయలేదు గనక కార్యాలయంవారు జనం శ్రమ తగ్గించారు.

కోటేశ్వరి సంతకం చేసి, కలాన్ని ఆయనకు తిప్పలు లేకుండా మూతపెట్టి మరీ తిరిగిచ్చింది.