ఒక నొక్కుకు ఒక గుండె

ప్రభుత్వ ఉత్తర్వులో 'గుండు' అనే మాట కొమ్ము పోగొట్టుకుని 'గుండె'గా అచ్చయిన శుక్రవారం నుంచి, కొత్తరేవులోని పాత సైనిక తుపాకులు గుండ్లు పేల్చడం మానేసి గుండె చప్పుళ్ళు వినిపిస్తున్నాయి. అలాంటి తుపాకుల్ని సరదా కొద్దీ దాచుకునేవాళ్ళు, ఆగకుండా కాల్చేవాటిని ఒక్కొక్కటిగా కాల్చేలా మార్చుకుంటేనే లైసెన్సు ఇస్తామన్నది ఆ ఉత్తర్వు. రెండో పేరాలో షరతు ఉంది: 'మీట ఒకసారి నొక్కిన ఒక గుండె మాత్రమే వెలువడవలెను.' తుపాకులు షరతును పాటించాయి.

ఎవరి గుండె అన్నది ఉత్తర్వులో లేదు. అందువల్ల ప్రతి తుపాకీ తాను చంపినవాళ్ళ గుండెల్ని, చంపిన వరసలోనే వినిపించింది. వేలు ఎత్తి మళ్ళీ నొక్కితే తర్వాతివాళ్ళది. లైసెన్సులిచ్చే శాఖవాళ్ళు దీనికొక రిజిస్టరు పెట్టారు. తేదీ, తుపాకీ నంబరు, వెలువడిన గుండె, విన్నవారి సంతకం.

హైస్కూలు తెలుగు టీచరు వకుళ ఆ రిజిస్టరులో ప్రతి ఆదివారం సంతకం చేస్తుంది. రైల్వేలో ఫిట్టరుగా రిటైరయిన దస్తగిరి వేలంలో కొన్న తుపాకీ, నలభై ఏళ్ళ కిందట నూలు మిల్లు గేటు ముందు సమ్మె చేస్తున్నవాళ్ళ మీద పేలినదే. పదకొండుమంది పోయారు. వకుళ తమ్ముడు మురహరి ఏడోవాడు. కాల్పులు రెండు సెకన్లు జరిగాయని విచారణ నివేదికలో రాశారు. దస్తగిరి నాలుగు నెలలు ఆకురాయి పట్టి, వేలు ఎత్తనిదే రెండోది రాకుండా అడ్డుపడే చిన్న ఇనుప ముక్క తయారు చేశాడు. ఆ రెండు సెకన్లకు ఇప్పుడు అరగంట పడుతోంది.

వినడానికి వచ్చే జనం చెప్పులు దస్తగిరి షెడ్డు బయటే విడుస్తారు. అలా విడవమని ఎవరూ చెప్పలేదు.

"ఏడోది మీదే గదా టీచరమ్మా, ముందుకు రాండి" అన్నాడు దస్తగిరి ఆ ఆదివారం కూడా.

"తొందరపడకు. ఆరో ఆయన వాళ్ళు ఇంకా లేవలేదు."

ఆరో ఆయన భార్య కళ్ళు తుడుచుకుని లేచింది. దస్తగిరి వేలు ఎత్తి, మళ్ళీ నొక్కాడు. రేకుల కప్పు సన్నగా అదిరింది. మురహరి గుండెకు చిన్నప్పటి నుంచి రెండు చప్పుళ్ళ మధ్య చిన్న తడబాటు ఉండేది. జ్వరం వచ్చిన రాత్రుల్లో వాడి ఛాతీ మీద చెవి ఆనించి విన్నది వకుళే. ఆ తడబాటు అలాగే ఉంది. షెడ్డులో ఒక్కరూ దగ్గలేదు. ఎవరి తమ్ముడో తెలియనివాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అందరూ వెళ్ళాక దస్తగిరి ఇంకో తుపాకీ తీసి మీట నొక్కాడు. అది ఏదో పరదేశపు యుద్ధం నుంచి వచ్చింది. దాని తాలూకు మనుషుల కోసం ఎవరూ రారు.

"మరి ఇవి ఎందుకయ్యా?" అంది వకుళ.

"వినేవాళ్ళు లేకపోతే ఎట్లా టీచరమ్మా? ఈయన భాష నాకు రాదు. ఈ చప్పుడు మటుకు తెలుస్తా ఉంది."

సోమవారం శాఖ గుమాస్తా చక్రపాణి బడికి వచ్చాడు. ఒకప్పుడు ఆమె విద్యార్థి. కొత్తరేవులో జరిగే తుపాకీ పోటీల్లో గురికాగితాలకు చిల్లులు పడటం లేదని పక్క జిల్లాల సంఘాలు ఫిర్యాదు చేశాయి.

"సవరణ టీచర్. ఒక్క అక్షరమే. 'గుండె అని ఉన్నచోట గుండు అని చదువుకోవలెను.' భాష సరిగ్గా ఉందని తెలుగు టీచరు సంతకం కావాలంట. పాతికేళ్ళ సర్వీసు దాటినోళ్ళు జిల్లాలో మీరొక్కరే."

"మొదటిది టైపు చేసింది ఎవరు?"

"నేనే."

"ఏడో క్లాసులోనూ కొమ్ములు మింగేవాడివి."

"మీరు గోడకుర్చీ వేయించారు. అయినా రాలేదు గదా టీచర్."

"ఇది అమలైతే ఆ చప్పుళ్ళు వినబడవా?"

"ఎట్లా వినబడతాయి? ఒక నొక్కుకు ఒకటే వెలువడాల. గుండ్లు ముందే తెప్పించి స్టోర్లో పెట్టినారు."

వకుళ సవరణను మూడుసార్లు చదివింది. అందులో తప్పు లేదు. ఉత్తర్వు తప్పుగా ఉన్న ఈ పద్నాలుగు నెలల్లో మార్చిన తుపాకీ వల్ల జిల్లాలో ఎవరూ చావలేదు. అది ఫిర్యాదుల్లో ఎవరూ రాయలేదు.

"నెలాఖరుకు మీరు రిటైరవుతారు గదా" అన్నాడు చక్రపాణి లేస్తూ. "ఆ తర్వాత జిల్లాలో అంత సర్వీసున్నోళ్ళు ఉండరు గాబట్టి సంతకంతో పని లేదంట. దానంతట అదే అమలవుతుంది. అంతవరకు మీ ఇష్టం."

ముప్పై మూడేళ్ళుగా వకుళ తన కంటబడిన తప్పును దిద్దకుండా వదల్లేదు. ఆ సాయంత్రం శాఖ కాగితం మీద ఆరో తరగతి నోటుపుస్తకాలు పెట్టుకుని కూర్చుంది. ఒక పిల్ల 'మా అమ్మది మెత్తని గుండు' అని రాసింది. వకుళ ఎర్ర సిరాతో కొమ్ము కొట్టేసి ఎత్వం పెట్టింది. తర్వాతి పుస్తకం తీసింది, ఆ తర్వాతది. అన్నీ అయిపోయాక కింద శాఖ కాగితం మిగిలింది.

నెలాఖరుకు ఇంకా మూడు ఆదివారాలు ఉన్నాయి. ఆమె సంతకం ఇంకా చేయలేదు.