నలభయ్యో పొట్టేలు

"నయీం! ఈ కడప జిల్లాలో నేరస్థులకు నిద్ర పట్టదప్పా. ఎందుకో తెలుసునా? సీతాపతి మేలుకొనుంటాడని!"

ఈ మాట అన్నాయన ప్రొద్దుటూరు నుంచి చక్రాయపేట దాకా నా ఆటోలో గురకపెట్టి నిద్రపోయి అప్పుడే లేచాడు. రిటైరైన లెక్కల మాస్టారు. జేబులో భూతద్దం, చంకలో గొడుగు. నాకు దోస్తు కావడం నా నసీబు.

పెద్దసుబ్బమ్మవ్వ దగ్గర మేం ఏటా బక్రీదుకు పొట్టేలు కొంటాం. పొద్దున ఆమె ఫోన్ చేసి ఏడ్చింది. పక్క ఊళ్ళో చిటుక రోగం వచ్చి గొర్రెలు నిలువునా పడిపోతున్నాయి. మందకు బీమా చేయించే గడువు ఆ సాయంత్రం ఐదింటికి. రికార్డులో నలభై చెవిబిళ్ళలున్నాయి, బిళ్ళలు చదివే మిషను ముప్పైతొమ్మిదే పట్టింది. ఒకటి తగ్గింది, లెక్క కుదిరేదాకా బీమా లేదన్నారు. అవ్వ లెక్కపెట్టి చూసుకోలేదు, మందను లెక్కిస్తే దిష్టని వాళ్ళ నమ్మకం. ఆ మంద తప్ప ఆమెకు దిక్కు లేదు. పక్కన కూర్చుని విన్న సీతాపతి కేసు తానే తీసుకున్నాడు.

దొడ్డి దగ్గర పశువుల డాక్టరమ్మ రమ్యశ్రీ మిషను పట్టుకుని నిలబడింది.

"రికార్డు ఎవడో మార్చినాడు!" అన్నాడు సీతాపతి.

"కుదరదు సార్. ఇది బ్లాక్‌చైన్. మా ఆసుపత్రి, బ్యాంకు, బీమావాళ్ళు, జిల్లా ఆఫీసు, నలుగురికీ ఒకటే పుస్తకం. పర్మిషన్ ఉన్న ఈ నలుగురే రాయాలి, చూడాలి. చెరపడం ఎవరి వల్లా కాదు. దిద్దుబాటు కూడా కిందే రాయాలి, మిగతావాళ్ళు ఒప్పుకోవాలి."

"అయితే హంతకుడు ఆ నలుగురిలోనే ఉన్నాడు!"

"చచ్చిందెవరు సార్?"

సీతాపతి భూతద్దం తీశాడు. ఈలోగా నేను మంద లెక్కపెట్టేశాను.

"సామీ, తలకాయలు నలభై ఉండాయి. బిళ్ళే ఒకటి తక్కువ."

"దొరికినాడు! అసలు పొట్టేలును ఎత్తుకపోయి, మారువేషంలో ఇంకొకదాన్ని పెట్టినారు!" బిళ్ళ లేని నల్ల పొట్టేలు ముందు గొంతుక్కూర్చుని, "నిజం చెప్పు, నిన్ను పంపిందెవరు?" అని గద్దించాడు.

పొట్టేలు రెండడుగులు వెనక్కు వేసింది. అది భయం కాదని గొర్రెల సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. ఈయనకు లెక్కలే తెలుసు. గొడుగు ఒకవైపు, ఆయనొకవైపు పడ్డారు.

అవ్వ పరిగెత్తుకొచ్చింది. "దాని జోలికి పోతావేంది సామీ? నేనొక మాట చెప్తా..."

"సాక్షులు అడిగినప్పుడే మాట్లాడాల!" అన్నాడు నడుం పట్టుకుని.

నాలుగున్నరయింది. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని లేపాను.

"చాలు సామీ! ముసల్దాని కొంప ముంచుతాండావు."

"మెదడుకు మేత కావాల నయీం." అరుగు మీదున్న అవ్వ వక్కాకు తిత్తిలో చెయ్యి పెట్టి, చూడకుండా చారెడు వక్కలు నోట్లో పోసుకున్నాడు. కటుక్కుమంది. "అబ్బా, పన్ను!" అంటూ డాక్టరమ్మ మీదికి తూలాడు. మిషను కుయ్యిమని, దానంతటదే ఆయన ఫొటో కూడా తీసి రికార్డుకెక్కించింది.

రమ్యశ్రీ స్క్రీన్ చూసి చదివింది. "నలభయ్యో నంబరు. పొట్టేలు. వయసు రెండేళ్లు. ఆరోగ్యం బాగుంది."

సీతాపతి పసుపుపచ్చ బిళ్ళను ఉమ్మాడు.

"అవ్వా, ఇది నీ తిత్తిలోకెట్ల వచ్చె?" అన్నాను.

"నేనే ఊడబీకినా నాయనా. ఆ నల్లది గంగమ్మకు మొక్కుకున్న పొట్టేలు. దేవర సొత్తుకు సర్కారు గుర్తేంది? పారేస్తే తప్పని దాచిపెట్టినా. గొర్రే పోయిందనుకుంటి. బిళ్ళ సంగతని తెలిసి చెప్దామంటే ఈ సామి నోరు తెరవనీయల్యా!"

"మెడలో దారంతో కడితే గంగమ్మ ఒప్పుకుంటుందా?" అంది డాక్టరమ్మ.

"దండ మాదిరే కదమ్మా. ఒప్పుకుంటాది."

డాక్టరమ్మ బిళ్ళ కట్టి, పొట్టేలుకు మళ్ళీ మిషను పెట్టింది. ఐదుకు రెండు నిమిషాలుందనగా బీమా ఖాయమైంది. అవ్వ నేలమీదే కూలబడి, "నా బిడ్డలు బతికినాయి" అని ఏడ్చింది. నా కళ్ళూ తడిసాయి.

"ఇంతకూ రికార్డులోంచి నా ఫొటో తీసేసినావా తల్లీ?" అన్నాడు సీతాపతి బుగ్గ పట్టుకుని.

"తీయడానికి లేదు సార్. 'పై ఫొటోలో ఉన్నది పొట్టేలు కాదు' అని కింద రాశాను."

బ్యాంకు, బీమావాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు. జిల్లా ఆఫీసు మాత్రం, పొట్టేలు కాదనడానికి ఆధారమేమిటని అడిగింది. వారమైంది. నేనూ వెతుకుతున్నాను, దొరకలేదు.