మోకాలి మీద అడ్డగీత

ఆ రోజు కార్యక్రమం చాలా సులువైనది. ఉదయం తొమ్మిదింటికి ఆపరేషన్, మధ్యాహ్నానికి వార్డు, మర్నాడు ఇల్లు. కుడి మోకాలికి రెండు చిన్న రంధ్రాలు చేసి, ఒకదానిలోంచి పెన్సిలంత కెమెరా, మరోదానిలోంచి చిన్న కత్తెర పంపి, ఎముకల మధ్య చిరిగిన మెత్తటి పొరను సరిచేస్తామని సర్జన్ ముందే చెప్పారు. ఆరు వారాల్లో మళ్లీ బస్సు మెట్లెక్కవచ్చు. వచ్చే నెలాఖరులోగా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేకపోతే మాత్రం, ప్రయాణికులు మరచిపోయిన గొడుగుల గదికి బదిలీ అని డిపో మేనేజరు కాగితం మీద పెట్టి మరీ పంపాడు.

రోగి ఇరవై ఆరేళ్లుగా బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. కండక్టర్లు ఆయనకు చాటుగా పెట్టుకున్న పేరు భూతద్దం. గొడుగుల గదిలో అనుమానించడానికి మనుషులుండరు. ఆ ఊహకే ఆయనకు అన్నం సయించడం మానేసింది.

ఏడింటికి వార్డు నర్సు ఫైలు పట్టుకుని వచ్చింది. "ఏ మోకాలండీ?"

"కుడి."

ఆమె కుడి తొడ మీద నల్లటి పెన్నుతో కిందికి బాణం గీసి వెళ్లింది. పావుగంటకు డ్యూటీ డాక్టరు వచ్చి అదే ఫైలు తిరగేశాడు. "ఏ మోకాలండీ?"

"కుడి అని ఇందాకే చెప్పా కదా!"

"మళ్లీ ఒకసారి చెప్పండి, పర్లేదు."

అతను వెళ్లాక ఇన్‌స్పెక్టరు భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చూశావా? చేతిలో కాగితం ఉంది, కాలి మీద బాణం ఉంది. అయినా అడుగుతున్నారు. వీళ్లకి తెలీదే!"

"అడిగితే చెప్పండి. నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"నా సర్వీసులో ఒకే మాట రెండుసార్లు ఎప్పుడడుగుతానో తెలుసా? ఎదుటివాణ్ణి నమ్మనప్పుడు."

"మిమ్మల్ని నమ్మేవాళ్లెవరు గానీ, నేను టీ తాగొస్తా," అంటూ ఆమె ఫ్లాస్కు తీసుకుని కిందికి వెళ్లింది.

ఒంటరిగా ఉన్న మనిషికి అనుమానం తోడయితే చేయి ఊరుకోదు. ఆయన సంచీలోంచి డ్యూటీ పెన్ను తీశాడు. బస్సులో చూసేసిన టికెట్టు మీద ఆయన ఒక అడ్డగీత గీస్తాడు. గీత పడితే ఆ టికెట్టు పని అయిపోయినట్టే, మరెవరూ దాన్ని వాడడానికి లేదు. అదే లెక్కన, ఎడమ మోకాలి మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా గట్టిగా ఒక గీత గీశాడు. ఇక దీని జోలికి ఎవరూ రారని గుండె మీద చేయి వేసుకున్నాడు.

ఆసుపత్రిలో గీతకు అర్థం వేరు. అక్కడ గీసిన చోటే కోస్తారు.

ఎనిమిదిన్నరకు మత్తు డాక్టరమ్మ వచ్చింది. "ఏ మోకాలండీ?"

మూడోసారి! ఇన్‌స్పెక్టరు దగ్గర ఇలాంటి వాళ్ల కోసం దాచుకున్న ఉపాయం ఒకటుంది. కావాలని తప్పు చెప్పాలి. తెలిసినవాళ్లు దిద్దుతారు, తెలియనివాళ్లు తలూపుతారు.

"ఎడమ," అన్నాడు.

డాక్టరమ్మ దిద్దలేదు, తలా ఊపలేదు. దుప్పటి ఎత్తి ఒక కాలి మీద బాణం, ఇంకో కాలి మీద గీత చూసింది. "సిస్టర్! అన్నీ ఆపండి!"

నిమిషంలో మంచం చుట్టూ ఆరుగురు చేరారు. "ఈ గీత ఎవరు పెట్టారు?"

"నేనే. అది క్యాన్సిల్ అని."

"మరి ఎడమ అని ఎందుకన్నారు?"

"పరీక్షించానండీ."

"ఎవర్ని?"

"మిమ్మల్నే."

డాక్టరమ్మ ఆ 'ఎడమ'ను ఫైల్లో రాసుకుంది. స్పిరిట్ దూదితో రెండు గీతలూ తుడిచారు. సర్జన్ స్వయంగా వచ్చి రెండు మోకాళ్లూ వంచి, తిప్పి, నొక్కి చూశారు. కుడిదాన్ని తిప్పగానే ఇన్‌స్పెక్టరు పెట్టిన కేక కారిడార్ చివరిదాకా వినిపించింది. "ఇదే," అని సర్జన్ కొత్త బాణం గీశారు. దాంతో గండం గడిచిందనుకున్నారు.

థియేటర్లో నడుములో మత్తు సూది ఇచ్చారు. నడుము కింద కాళ్లున్నాయో లేదో తెలియడం లేదు. పైన మాత్రం మనిషి నిక్షేపంగా మేలుకునే ఉన్నాడు. సర్జన్ పరికరం అందుకోబోతుండగా, ముప్పై ఏళ్లుగా ఆ గదిని ఏలుతున్న పెద్ద సిస్టర్ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి సార్. ఫైల్లో పేషెంటు మాటలు రెండున్నాయి. ఒకచోట కుడి, ఒకచోట ఎడమ."

"నేను చూశాను సిస్టర్. కుడే."

"మీరు చూశారు సార్, కాగితానికి ఆ సంగతి తెలీదుగా. మాట మార్చిన పేషెంటుకి ఇంట్లోవాళ్ల సంతకం కావాలని రూలు పెట్టిందే మీరు."

సర్జన్ గడియారం చూశారు. "ఇరవై నిమిషాల్లో సంతకం రాకపోతే తర్వాతి కేసు తీసుకుందాం. ఈయనకి మళ్లీ డేటు మూడు వారాల తర్వాతే."

మూడు వారాలు ఆగి, ఆపైన ఆరు వారాలంటే వచ్చే నెలాఖరు దాటిపోతుంది. ఇన్‌స్పెక్టరు కళ్ల ముందు వందల గొడుగులు ఒక్కసారిగా విచ్చుకున్నాయి. "కుడే తల్లీ! ఒట్టు! నిజం చెబుతున్నాను, నమ్మండి!"

"ఇందాక డాక్టరమ్మకీ నిజమే అన్నట్టు చెప్పారట," అంది సిస్టర్.

"అప్పుడు అబద్ధం, ఇప్పుడు నిజం!"

"అందరూ అలాగే అంటారు."

ఆ మాట ఆయన రోజుకు పాతిక మందితో అనే మాటే. తన చెవిన పడడం అదే మొదలు.

మైకులో నాలుగుసార్లు పిలిచాక, పద్దెనిమిదో నిమిషంలో ఆయన భార్య ఆకుపచ్చ గౌనూ టోపీ తగిలించుకుని, చేతిలో ఫ్లాస్కుతో సహా గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, మీవారికి ఏ మోకాలు?"

ఆమె భర్తను నింపాదిగా చూసింది. ఆయన కళ్లతోనే దండం పెట్టాడు.

"కుడి. రోజూ బూటు తొడిగేది నేనేగా. ఎడమ కాలు తనే చాపుతారు, కుడి కాలు నేను ఎత్తి పెట్టుకోవాలి. ఏం, ఆయన్ని అడగలేకపోయారా?"

సిస్టర్ కాగితం, పెన్ను ముందుకు చాపింది. ఆమె సంతకం పెట్టింది.

తర్వాత పని అరగంటలో ముగిసింది. కెమెరా లోపలికి వెళ్లగానే పక్కనున్న తెర మీద తెల్లటి గుహలాంటిది కనిపించింది. అందులో చిరిగిన అంచు ఒకటి నీళ్లలో నాచులా ఊగుతోంది. ఇన్‌స్పెక్టరు దాన్ని కాసేపు తేరిపార చూసి, "ఆ బొమ్మ నాదేనా, లేక ఎవరిదైనా పాతది వేశారా?" అన్నాడు.

"మీ ఆవిడని పిలవమంటారా?" అంది సిస్టర్. ఆయన తెర వైపు నుంచి తల తిప్పుకున్నాడు.

ఫైలు అట్ట మీద ఎవరో ఎర్ర సిరాతో రాశారు: 'రోగి మాట మారుస్తారు. భార్యను అడగవలెను.' ఆసుపత్రిలో రాతకు తిరుగులేదు. మర్నాడు కసరత్తు చేయించే ఆయన వచ్చి, ఆమెనే అడిగాడు. "నొప్పి పదికి ఎంతుందండీ?"

"ఓ మూడుంటుంది."

"ఎనిమిది!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

అతను మూడు అని రాసుకుని, మోకాలిని మరికాస్త వంచాడు.

ఆరు వారాలు ఇల్లే ఆయన డ్యూటీ అయింది. పాలవాడు వచ్చిన టైము, పోపు డబ్బాలో ఆవాల మట్టం, భార్య ఫోనులో ఎవరితో ఎంతసేపు మాట్లాడింది, ఏదీ తనిఖీ తప్పించుకోలేదు. నెలాఖరున ఇద్దరూ సర్జన్ ఎదుట కూర్చున్నారు. బల్ల మీద సర్టిఫికెట్ ఖాళీగా ఉంది. సర్జన్ అట్ట మీది ఎర్ర అక్షరాలు చదివి, ఆమె వైపు తిరిగారు.

"ఏమంటారమ్మా? డ్యూటీ చెయ్యగలరా?"

"కుంటకుండా మెట్లెక్కుతున్నారు, దిగుతున్నారు. తలుపు వెనక నుంచి తొంగిచూసేటప్పుడు మునివేళ్ల మీద కూడా నిలబడుతున్నారు. దయచేసి రేపట్నుంచే పంపించెయ్యండి డాక్టరుగారూ."

సర్జన్ సంతకం చేశారు.

ఆ ప్రశ్న మాత్రం ఆ ఆసుపత్రిలో ఎవరూ రెండోసారి అడగలేదు.