మాస్టారు అడిగిన కుర్చీ

ఆ రోజు పొద్దున్న నిద్ర లేచేసరికి జాగ్రత్త మాస్టారి మనసులో ఉన్న కోరిక ఒక్కటే, కుర్చీ. సింహాసనమో పదవో కాదు, మామూలు నాలుగు కాళ్ళ చెక్క కుర్చీ. ఆయన పనిచేసే కట్టడాల కంపెనీ సామాన్ల గదిలో, కిటికీ పక్కన, ఫ్యాను కింద అది ఖాళీగా పడి ఉంది. అందులో కూర్చునేవాడికి పెద్ద పనేం ఉండదు. వచ్చిన సామాను సరిచూసి లోపల పెట్టాలి, అడిగినవాళ్ళకి తీసి ఇవ్వాలి. మిగతా సమయమంతా కూర్చోవాలి. ఆ చివరి మాట తలుచుకుంటేనే మాస్టారి మోకాళ్ళకి ప్రాణం లేచొచ్చేది.

మాస్టారు భవనాలు కట్టే పనివాళ్ళకి భద్రత పాఠాలు చెప్పే శిక్షకుడు. నోరు తెరిస్తే ముందు 'జాగ్రత్త' అనే మాటే వస్తుంది కాబట్టి అందరూ ఆయన్ని అలాగే పిలవసాగారు. ఇరవై ఏళ్ళుగా శిక్షణ పెరట్లో నిలబడి చెబుతూనే ఉన్నారు. బెల్టు పెట్టుకోండని, నిచ్చెన ఊగుతుందేమో చూసుకోండని, హెల్మెట్ ఉన్నది తలకి పెట్టుకోవడానికే గానీ మేకులు పోసుకోవడానికి కాదని. విన్నవాళ్ళు బుద్ధిగా తలలూపేవారు. బయటికి వెళ్ళి హెల్మెట్లలో మేకులు పోసుకునేవారు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా లాభం లేదని తెలిసొచ్చేసరికి మాస్టారికి మోకాళ్ళ నొప్పులు కూడా వచ్చాయి. వినని చెవులకి ఎలాగూ మందు లేదు. నొప్పులకి మందుగా మాత్రం ఆ కుర్చీ ఇప్పించమని అర్జీ పెట్టుకున్నారు.

అర్జీ మీద సంతకం పెట్టాల్సిన పెద్దాఫీసరు ఆ రోజే శిక్షణ చూడటానికి వస్తున్నాడు. పోయినసారీ వచ్చాడు. ఎత్తు నుంచి జారి బెల్టుకి వేలాడుతున్న మనిషిని కాపాడే అభ్యాసం ఆ రోజు జరిగింది. వేలాడే మనిషి పాత్ర ఎప్పుడూ మాస్టారిదే. ఆయన "కాపాడండి" అనగానే పనివాళ్ళు తాడు సంగతి మరిచిపోయి, ఒక్క ఉదుటున వచ్చి కాళ్ళు పట్టుకుని లాగారు. మాస్టారు పైనే ఉండిపోయారు, ప్యాంటు మాత్రం క్షేమంగా కిందికి చేరింది. అర్జీ కూడా ఆ వెనకే తిరిగొచ్చింది. ఈసారి అభ్యాసం సవ్యంగా జరిగితేనే కుర్చీ.

"మోకాలి పట్టీ వేసుకున్నారా?" వంటింట్లోంచి భార్య అడిగింది.

"వేసుకున్నాలే," అన్నారు మాస్టారు చెప్పులు తొడుక్కుంటూ.

"ఏదీ, ఒకసారి ఇటొచ్చి మొహం చూపించి చెప్పండి."

మాస్టారు అప్పటికే గేటు దాటేశారు. పట్టీ తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉంది.

శిక్షణ పెరట్లో ఇనుప గొట్టాలతో కట్టిన పరంజా ఉంది. దాని కొసన కప్పీ, కప్పీ మీదుగా తాడు. తాడు ఒక కొస మాస్టారి బెల్టుకి, రెండో కొస కింద స్తంభానికి. మాస్టారు పరంజా మీద నుంచి అడుగు తీసి గాల్లో వేలాడతారు, పనివాళ్ళు కింద ముడి విప్పి నెమ్మదిగా దింపుతారు. అంతే పాఠం. పాత తాడు నలిగిపోయిందని కంపెనీ నిన్ననే కొత్తది పంపింది. బొటనవేలంత లావు, చూడముచ్చటగా ఉంది. అది కప్పీ గాడిలో పడుతుందో లేదో సరిచూడాల్సినవాడు సామాన్ల గదిలో ఆ కుర్చీలో కూర్చునే మనిషి. ఆ కుర్చీ ఖాళీ.

పనివాళ్ళు వరసగా నిలబడ్డారు. శిక్షణ కార్డు లేకపోతే మర్నాడు కొత్త కట్టడం గేటు దగ్గరే ఆపేస్తారు కాబట్టి అందరి మొహాల్లోనూ భయభక్తులు కనిపిస్తున్నాయి. అందరికంటే ముందు తాపీమేస్త్రి నిలబడ్డాడు. పోయినసారి ప్యాంటు పట్టుకుని లాగింది ఆయనే. కార్డు పోయింది, కూలి పోయింది, ఆ ప్యాంటు కథ వాళ్ళ బావమరుదుల దాకా వెళ్ళి పరువూ పోయింది. ఆయన పక్కన ఇటుకలు మోసే ఆవిడ, అందరూ ఇటుకలమ్మ అంటారు. ఆ వెనక ముసలి పెయింటరు.

"మీకేం సార్, నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిపోతున్నాయి," అన్నాడు పెయింటరు జాలిగా. "నాది మొదట్నుంచీ కూర్చునే పనే. తాళ్ళకి వేలాడే పీట మీద కూర్చుంటే మేడ పైనుంచి కింది దాకా కూర్చునే రంగు వేసుకుంటూ వచ్చేస్తా."

కూర్చునే పని అన్న మాట వినగానే మాస్టారికి ఒక్క క్షణం అసూయ కలిగింది. దాన్ని దిగమింగుకుని, ఫోను తాపీమేస్త్రి చేతికిచ్చి, బెల్టు బిగించుకున్నారు.

"వినండి. ఈ కొక్కెం తగిలించుకున్న క్షణం నుంచి నేను మీ మాస్టార్ని కాను, ప్రమాదంలో ఉన్న మనిషిని. ఏడుస్తాను, బతిమాలతాను, తిడతాను. నిజంగానే ఇరుక్కుపోయానని ఒట్టు కూడా పెడతాను. నమ్మారో, మీ కార్డు పోయినట్టే. అదిగో గోడ మీద చార్టు. వరస తప్పకుండా అందులో ఉన్నట్టు చెయ్యండి. జాగ్రత్త."

"మరి నిజంగానే ఏమైనా అయితే సార్?" అంది ఇటుకలమ్మ.

"ఇన్నేళ్ళలో కానిది ఇవాళ అవుతుందా?" అన్నారు మాస్టారు.

భద్రత పాఠంలో మొదటి రోజు నేర్పేది, ఆ ఒక్క మాట ఎప్పుడూ అనకూడదనే.

మాస్టారు పరంజా ఎక్కి, అడుగు తీసి గాల్లో పెట్టారు. తాడు సర్రున జారి, కప్పీ చక్రానికీ దాని చెంపకీ మధ్య దూరి, బిగుసుకుపోయింది. మాస్టారు పరంజాకి చెయ్యందని చోట, నేలకి కాలందని చోట ఆగిపోయారు.

"అయ్యో! కాపాడండి!" అన్నారు అలవాటు ప్రకారం.

ఎవరూ పరిగెత్తలేదు. తాపీమేస్త్రి చార్టు దగ్గరికి వెళ్ళి, మొదటి వాక్యం మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివి, మాస్టారి కిందికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"సార్, ఒక మనిషి పైన వేలాడుతున్నాడు సార్."

ముందుగా శిక్షకుడికి తెలియజేయాలి అని మాస్టారే రాశారు మరి. "బాగుంది. ఇప్పుడు తాడు వదలండి," అన్నారు తృప్తిగా.

ముడి విప్పారు. కింద తాడు వదులైంది గానీ పైన మాస్టారు అంగుళం దిగలేదు. ఆయన తలెత్తి కప్పీని చూశారు. పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన కూడా అక్కడే ఉన్నారు కాబట్టి వాటికి పెద్ద దూరం కాలేదు.

"తాడు ఇరుక్కుంది. నిచ్చెన పట్రండి!"

తాపీమేస్త్రి మళ్ళీ చార్టు దగ్గరికి వెళ్ళాడు. ప్యాంటు ఉదంతం తర్వాత మాస్టారు అందులో ఎర్ర సిరాతో ఒక వాక్యం చేర్చారు. తాడు పని చెయ్యకపోతే, శిక్షకుడు వచ్చి చెప్పేదాకా ఎవరూ సొంత తెలివి వాడకూడదు.

"మాస్టారు వచ్చి చెప్పాలంట సార్."

"నేనే కదయ్యా చెబుతున్నది!"

"మీరిప్పుడు మాస్టారు కారు కదా సార్," అన్నాడు తాపీమేస్త్రి వినయంగా. "ప్రమాదంలో ఉన్న మనిషి."

"ఒట్టు. నిజంగానే ఇరుక్కుపోయాను."

పనివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఒట్టు పెడతారని ముందే చెప్పారుగా. తాపీమేస్త్రి తన ఫోను తీసి మాస్టారికి ఫోను చేశాడు. ఆయన రెండో జేబులో మాస్టారి ఫోను మోగడం మొదలుపెట్టింది. అది ఆగేదాకా శ్రద్ధగా విని, "మాస్టారు ఎత్తడం లేదు," అని మిగతావాళ్ళకి చెప్పాడు.

బెల్టు పట్టీలు తొడల్లోకి దిగుతున్నాయి. అలా ఎక్కువసేపు వేలాడితే రక్తం కాళ్ళలోనే నిలిచిపోతుందని, ప్రాణం మీదికి వస్తుందని మాస్టారికి బాగా తెలుసు. ఆయనే కదా ఆ పాఠం చెప్పింది. అందుకే కాళ్ళు గబగబా ఆడించసాగారు.

"చూడండి, చూడండి," అంది ఇటుకలమ్మ మెచ్చుకోలుగా. "పాఠంలో చెప్పినట్టే ఎంత బాగా ఆడిస్తున్నారో!"

అప్పుడు మాస్టారికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా ఒక్క మాట వినని జనం, తన మాటకి ఇంత విలువ ఇవ్వగా చూడాలని ఎన్ని రోజులు కలలు కన్నారో. ఇవాళ అక్షరం పొల్లు పోకుండా వింటున్నారు. ఒకపక్క గర్వం పొంగుకొచ్చింది, ఇంకోపక్క కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. ఇంతకాలం ఆగినవాళ్ళు ఇంకొక్క రోజు ఆగలేకపోయారా అనిపించింది.

ఇంతలో మాస్టారి ఫోను మళ్ళీ మోగింది. ఈసారి భార్య.

"ఏమండీ, వేసుకున్నానన్న పట్టీ మేకుకే ఉందేం?"

"అమ్మా, నేను తాపీమేస్త్రిని," అన్నాడు ఆయన. కుటుంబాన్ని కంగారు పెట్టకుండా నెమ్మదిగా చెప్పాలన్నది చార్టులో తర్వాతి వాక్యం. "ముందు మీరు కూర్చోండమ్మా."

"ఎందుకూ?"

"కూర్చున్నారా? మంచినీళ్ళు తాగారా? ఏం లేదమ్మా, ప్రమాదం జరిగింది. సారు పైన ఉన్నారు. మా చేతుల్లో ఇక ఏమీ లేదు. మీరు మాత్రం కంగారు పడొద్దు."

మాస్టారి ఇల్లు రెండు వీధుల అవతలే. ఆవిడ పట్టీ చేత్తో పట్టుకునే బయలుదేరింది.

ఆవిడకంటే ముందు పెద్దాఫీసరు కారు వచ్చింది. అప్పటికి పనివాళ్ళు పరంజా చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి, నలుగురు నాలుగు మూలలా కాపలా నిలబడ్డారు. పెద్దాఫీసరు ఆ క్రమశిక్షణ చూసి కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అయ్యా, నేను నిజంగానే ఇరుక్కుపోయాను!" అని అరిచారు మాస్టారు. "ఆ తాడు పంపింది మీ ఆఫీసే. నన్ను దింపించండి!"

"భేష్," అన్నాడు పెద్దాఫీసరు పక్కవాడితో. "పోయినసారి నటన పేలవంగా ఉంది. ఈసారి చాలా కష్టపడ్డాడు."

మాస్టారికి అరికాలి మంట నెత్తికెక్కింది. అరికాలికి ఇంకా స్పర్శ ఉందని కూడా అప్పుడే తెలిసింది.

"నటనేంటయ్యా, బుర్రలేనివాడా! నాకు నీ కుర్చీ వద్దు, నీ సామాన్ల గదీ వద్దు. నేల చాలు, నేల!"

"ప్రాణభయంలో మనిషి పై అధికారిని కూడా లెక్కచెయ్యడు," అన్నాడు పెద్దాఫీసరు తల పంకిస్తూ. "ఆ భయాన్ని ఎంత సహజంగా పట్టుకున్నాడు!"

సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య రొప్పుకుంటూ వచ్చి పడింది. ఇటుకలమ్మ రిబ్బను దగ్గర ఆపింది. "హెల్మెట్ లేకుండా లోపలికి రాకూడదమ్మా." ఆవిడ మారు మాట్లాడకుండా హెల్మెట్ లాక్కుని నెత్తిన పెట్టుకుని, తలెత్తి చూసింది. భర్త బతికే ఉన్నాడు. ఊపిరి పీల్చుకుంది. ఊపిరి అందగానే మొదలుపెట్టింది.

"పట్టీ వేసుకున్నానని ఎందుకు చెప్పారు?"

"ముందు దింపించవే!"

"అడిగినదానికి చెప్పండి."

"వేసుకోలేదు. బుద్ధి తక్కువై అబద్ధం చెప్పాను. కాళ్ళు పోతున్నాయే!"

ఆవిడ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పనివాళ్ళ వైపు తిరిగింది. "ఏమిటయ్యా అలా చూస్తూ నిలబడ్డారు? ఆ మనిషి నిజంగానే చచ్చిపోతున్నాడు!"

"నటనమ్మా," అన్నాడు తాపీమేస్త్రి ధైర్యం చెబుతూ.

"నటనా? ఈయనకా? కొత్తగా పెళ్ళైనప్పుడు మా అమ్మ చేసిన కూర బాగుందని చెప్పబోయి, ఆ ఒక్క ముక్క సరిగ్గా నటించలేక ఇంటిల్లిపాది ముందూ దొరికిపోయారు. ఈయనకి నటన చేతకాదు. నిచ్చెన తే!"

తాపీమేస్త్రి మొహంలో మొదటిసారి అనుమానం కదిలింది. అయినా కార్డు గుర్తొచ్చింది. "మాస్టారు చెప్పందే మేం కదలకూడదమ్మా."

"మీ మాస్టారికి మాస్టార్ని నేను. చెబుతున్నా, కదులు!"

మాస్టారి పైన ఎవరున్నారో చార్టులో లేదు. కానీ అక్కడున్న పెళ్ళైనవాళ్ళందరికీ అది తెలిసిన విషయమే. తాపీమేస్త్రి ఒక్క గంతులో రెండువైపులా మెట్లున్న నిచ్చెన తెచ్చాడు. తెచ్చాక మాత్రం తొందరపడలేదు. నేల గట్టిగా ఉందో లేదో కాలితో తొక్కి చూశాడు. నిచ్చెన ఊపి చూశాడు. ఇద్దర్ని అడుగున పట్టుకోమన్నాడు. ఒక్కో పని చేస్తుంటే మాస్టారు పైనుంచి "అవన్నీ అక్కర్లేదయ్యా!" అని మొత్తుకుంటున్నారు. అలా అంటారని కూడా పాఠంలో ఉంది. చివరికి మాస్టారి పాదాలు మెట్టు మీద ఆనాయి, అటువైపు నుంచి పెయింటరు ఎక్కి కొక్కెం తీశాడు. మాస్టారు నేల మీదికి దిగి, అక్కడే చతికిలబడ్డారు. భార్య పక్కన కూర్చుని ఆయన మోకాలికి పట్టీ వేసింది.

పెద్దాఫీసరు చప్పట్లు కొట్టాడు. అందరికీ అక్కడికక్కడే కార్డులిచ్చాడు. తాపీమేస్త్రి కార్డు కళ్ళకద్దుకుని మాస్టారి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన కంగారుగా ప్యాంటు పట్టుకున్నారు.

"కుటుంబ సభ్యుల పాత్ర పెట్టాలన్న ఆలోచన మీదేనా?" అని పెద్దాఫీసరు మాస్టార్ని అడిగాడు. "ఆవిడ కన్నీళ్ళు చూస్తే నాకే కడుపు తరుక్కుపోయింది. ఇలాంటి మనిషిని తీసుకెళ్ళి సామాన్ల గదిలో పెట్టడమా? వీల్లేదు. మన కట్టడాలన్నిటికీ మీరు వెళ్ళాలి, అన్ని చోట్లా ఇలాగే వేలాడాలి."

"అయ్యా, నా మోకాళ్ళు," అన్నారు మాస్టారు నీరసంగా. "కుర్చీ..."

"మీ అర్జీ చదివాను. నాకూ మనసుంది. ఇక మీదట మీరు నిలబడి పని చెయ్యనక్కర్లేదు. కుర్చీ నేను పంపిస్తాను."

ఆ వారం చివర్లో పెద్ద పెట్టె ఒకటి వచ్చింది. పాఠానికి వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. పెట్టె విప్పితే లోపల నున్నటి చెక్క పీట, దానికి వెనక ఒక అడ్డ పలక, పీట నాలుగు మూలలకీ నాలుగు తాళ్ళు, నాలుగు తాళ్ళూ కలిసేచోట పైన ఒక కొక్కెం ఉన్నాయి. మాస్టారు దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. నిలబడటం ఆయనకి అలవాటే. పెయింటరు ముందుకొచ్చి, పనితనం తెలిసినవాడిలా తాళ్ళు లాగి చూసి, చెక్క తట్టి చూసి, అసూయగా నిట్టూర్చాడు.

"మీకు వీపు ఆనుకోవడానికి కూడా ఇచ్చారు సార్."